కొసమెరుపు అక్కర్లేని హాస్యం

1969 అక్టోబరు 5, ఆదివారం రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో బీబీసీ వన్ చానెల్‌లో మొదలైన ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ 1974 డిసెంబరులో ముగిసేనాటికి నాలుగు విడతల్లో మొత్తం 45 భాగాలు ప్రసారమైంది. ఒక్కో భాగం అరగంట కాబట్టి, అన్నీ వరసగా వేసుకున్నా ఒక పగలూ ఒక రాత్రీ పట్టని సరుకు అది. అంత కొద్దిపాటి సరుకు తర్వాతి అర్ధ శతాబ్దంలో ఇంగ్లిష్ మాట్లాడే దేశాల హాస్య రచనను మలుపు తిప్పడం ఒక విశేషమైతే, ఆ కార్యక్రమం పేరైనా వినని కోట్ల మంది ఈనాడు దాన్నుంచి పుట్టిన మాటలను కంప్యూటర్ల ముందు కూర్చుని రోజూ పలుకుతూ ఉండడం అంతకు మించిన విశేషం. ఈ ప్రభావానికి కారణమేమిటంటే సాధారణంగా వినిపించే సమాధానం దాని అసంబద్ధత, అంటే ముందూ వెనకా పొంతన లేకుండా ఏదైనా ఎప్పుడైనా జరిగిపోయే తీరు. ఆ సమాధానం సగం దారిలోనే ఆగిపోతుంది. ఎందుకంటే పొంతన లేకపోవడమే గొప్పతనమైతే, ఆ తర్వాత పొంతన లేకుండా తీసిన కార్యక్రమాలన్నీ కూడా ఇలాగే నిలిచి ఉండవలసింది. మాంటీ పైథాన్‌ను నిలబెట్టినవి వేరే రెండు: ఒక పిచ్చి ఊహను పట్టుకున్నాక దాన్ని తార్కికంగా, ఎక్కడా తమకు నవ్వొస్తున్నట్టు కనిపించకుండా, చివరిదాకా నడిపించిన క్రమశిక్షణ ఒకటి, రాసిన దానిపై హక్కును రాసినవారే పట్టుబట్టి సాధించుకోవడం రెండోది.

బ్రిటన్‌లో ‘స్కెచ్’ అంటే రెండు నుంచి ఐదారు నిమిషాల్లో ముగిసే చిన్న హాస్య ఘట్టం. ఒక గది, ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక తగాదా లేక అపార్థం, చివర ప్రేక్షకులు చప్పట్లు కొట్టేలా ఒక కొసమెరుపు – ఇదీ దాని చట్రం. పంతొమ్మిదో శతాబ్దపు మ్యూజిక్ హాళ్లలో, అంటే పాటలు, విన్యాసాలు, హాస్యం కలగలిపి ప్రదర్శించే నగర వినోదశాలల్లో బలపడిన ఈ చట్రం అక్కడి నుంచి రేడియోకి, రేడియో నుంచి టెలివిజన్‌కి పెద్దగా మార్పు లేకుండా వచ్చింది. తెలుగు సాహిత్యంలో అధివాస్తవికతగా స్థిరపడిన సర్రియలిజం పుట్టుక ఇందుకు పూర్తిగా భిన్నమైనది: 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెతాన్ వెలువరించిన ప్రణాళికతో మొదలై, మెలకువలో ఉన్న మనసు విధించే అదుపును తప్పించుకుని, కలలో వస్తువులు ఒకదాని పక్కన ఒకటి చేరే తీరునే కళకు పద్ధతిగా తీసుకున్న ఉద్యమమది. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల ద్వారా తెలుగు పాఠకులకు కవిత్వంలో పరిచయమైన ఈ ధోరణికి 1936లో లండన్‌లో ఒక అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. సముద్రంలోకి దిగే గజ ఈతగాళ్ల లోహపు శిరస్త్రాణం ధరించి అక్కడ ఉపన్యసించబోయిన సాల్వడార్ డాలీ ఊపిరాడక చిక్కుల్లో పడ్డాడు. బ్రిటిష్ చిత్రకళలో ఆ ఉద్యమం వేళ్లూనుకున్నది తక్కువే గాని, హాస్యంలో దానికి నేల ముందే దున్ని ఉంది. ఎడ్వర్డ్ లియర్, లూయిస్ కరోల్ విక్టోరియా రాణి కాలంలోనే, పిల్లల కోసమన్న పేరుతో, అర్థం లేని పద్యానికీ తలకిందుల తర్కానికీ ఇంగ్లిష్ ఇళ్లలో గౌరవస్థానం సంపాదించిపెట్టారు.

అహ్మద్‌నగర్‌లో పుట్టిన పాయ

స్కెచ్, అధివాస్తవికత అనే ఈ రెండు పాయలను రేడియోలో కలిపినది 1951 నుంచి 1960 దాకా బీబీసీ ప్రసారం చేసిన ‘ది గూన్ షో’. దాని ప్రధాన రచయిత స్పైక్ మిలిగన్ 1918లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో, బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసే ఐరిష్ తండ్రికి పుట్టి, బాల్యాన్ని పూనాలోను, రంగూన్‌లోను గడిపినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగంలో గాయపడి, ఆ తర్వాత జీవితాంతం మానసిక రుగ్మతతో పెనుగులాడినవాడు. రేడియోలో బొమ్మ కనబడదు కనుక, సరైన శబ్దం వినిపిస్తే చాలు, ఎంతటి అసాధ్యమైనా జరిగిపోయినట్టే. మిలిగన్, పీటర్ సెల్లర్స్, హారీ సీకూంబ్ ఆ వెసులుబాటును చివరి అంచు దాకా వాడుకున్నారు. అదే మిలిగన్ 1969 మార్చిలో ‘క్యూ5’ పేరుతో టెలివిజన్‌లోకి వచ్చినప్పుడు, ఘట్టానికి సరైన ముగింపు దొరక్కపోతే దాన్ని అక్కడే వదిలేసి ఇంకో ఘట్టంలోకి జారుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి తమ కొత్త కార్యక్రమానికి రూపం వెతుక్కుంటున్న పైథాన్ బృందంలోని ఆరుగురు యువకులకు, తాము చేయాలనుకుంటున్న పనిని మరొకరు ముందే చేసేశారన్న దిగులు, అలా చేయవచ్చునన్న ధైర్యం ఒకేసారి కలిగాయి; ఆ రుణాన్ని వారిలో ఒకడైన టెరీ జోన్స్ తర్వాతి కాలంలో దాచుకోలేదు. ‘క్యూ5’ దర్శకుడు ఇయాన్ మెక్‌నాటన్‌నే వారు తమ కార్యక్రమానికి కూడా తెచ్చుకున్నారు. మిలిగన్‌కు చరిత్రలో దక్కవలసినంత వాటా దక్కలేదన్నది నిజం, అందుకు కారణం కూడా ఏమంత గంభీరమైనది కాదు: ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైనది కావడంతో బీబీసీ పాత కార్యక్రమాలను చెరిపి అదే టేపును మళ్లీ వాడుకునేది, ‘క్యూ5’లో చాలా భాగం అలా మాయమైపోయింది.

పైథాన్‌కు రెండో మూలం విశ్వవిద్యాలయాలు. కేంబ్రిడ్జ్‌లో 1883 నుంచి నడుస్తున్న ‘ఫుట్‌లైట్స్’ అనే విద్యార్థి నాటక సంఘం, ఆక్స్‌ఫర్డ్‌లో దానికి పోటీగా సాగిన హాస్య ప్రదర్శనలు అప్పటికే ఒక తరాన్ని తయారుచేశాయి. 1960లో ఎడిన్‌బరో ఉత్సవంలో పీటర్ కుక్, డడ్లీ మూర్, ఆలన్ బెనెట్, జొనాథన్ మిల్లర్ ప్రదర్శించిన ‘బియాండ్ ద ఫ్రింజ్’ అధికారంలో ఉన్న ప్రధానిని వేదికపై అనుకరించి నవ్వించవచ్చునని చూపింది. పైథాన్ బృందంలో గ్రాహమ్ చాప్‌మన్, జాన్ క్లీజ్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జ్ నుంచి, టెరీ జోన్స్, మైకేల్ పేలిన్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చారు. ఆరోవాడు టెరీ గిలియమ్ అమెరికన్, బొమ్మలు వేసేవాడు. చాప్‌మన్ వైద్యం చదివిన డాక్టరు, క్లీజ్ న్యాయశాస్త్ర పట్టభద్రుడు, జోన్స్ తర్వాతి కాలంలో ఛాసర్ కవిపై పరిశోధన గ్రంథం రాసిన మధ్యయుగ పండితుడు. వీరి హాస్యంలో తత్వవేత్తలు ఫుట్‌బాల్ ఆడడం, మతన్యాయ విచారణాధికారులు పాతకాలపు అంగీలతో ఇళ్లలోకి దూసుకురావడం చదువుల ప్రదర్శనగా కాక మామూలు సంగతిగా కనిపించడానికి ఆ చదువే కారణం.

బీబీసీ హాస్య విభాగాధిపతి మైకేల్ మిల్స్ ఈ ఆరుగురినీ పిలిపించి, కార్యక్రమం పేరేమిటి, సంగీతం ఉంటుందా, అతిథులు వస్తారా అని అడిగితే ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. అయినా ఆయన 13 భాగాలు తీసుకోమన్నాడు. నేటి చానెళ్లలో నమూనా భాగం, ప్రేక్షకుల సర్వే, ప్రకటనదారుల అనుమతి లేకుండా అటువంటి నిర్ణయం ఊహించడమే కష్టం. ఈ కార్యక్రమం గురించి రాసేవారు ఆరుగురి ప్రతిభను పొగిడినంతగా ఆ ఒక్క అధికారి నిర్లక్ష్యంలాంటి ఔదార్యాన్ని పొగడకపోవడం అన్యాయం. పేరు విషయంలోనూ ‘గుడ్లగూబను సాగదీసే సమయం’ వంటి ప్రతిపాదనలు చాలా నడిచాక, ఏ అర్థమూ లేని ‘మాంటీ పైథాన్’ దగ్గర ఆగారు. ప్రసారం మొదలయ్యాక బీబీసీ లోపలి సమీక్షల్లో పెద్ద అధికారులు కొందరు ముక్కు చిట్లించినా, ఎవరూ దాన్ని ఆపేయలేదు.

నదిలా సాగిన అరగంట

కొసమెరుపును వదిలేయడం వినడానికి చిన్న సంస్కరణలా ఉంటుంది గాని, దాని ఫలితాలు పెద్దవి. ప్రతి ఘట్టమూ చివరి వాక్యం కోసమే బతికినంతకాలం, మధ్యలో వచ్చే ఊహలన్నీ ఆ వాక్యానికి కూలి చేయవలసిందే. ఆ బాధ్యత తీరిపోగానే రచయితకు, మంచి ఊహ ఎంతసేపు మంచిగా ఉంటే అంతసేపే నడిపి, అది నీరసించే ముందు వదిలేసే స్వేచ్ఛ వచ్చింది. అలా వదిలేసిన చోటుకీ తర్వాతి ఘట్టానికీ మధ్య వంతెన కట్టినవాడు గిలియమ్. విక్టోరియా కాలపు ఫొటోలను, పాత చెక్కుడు బొమ్మలను, ప్రసిద్ధ చిత్రాల ముక్కలను కత్తిరించి, కెమెరా కింద అంగుళం అంగుళం జరుపుతూ తీసిన కత్తిరింపు యానిమేషన్ అతడిది. పూర్తి బొమ్మలు గీసి కదిలించడానికి కావలసిన డబ్బు, సమయం లేకపోవడం వల్ల పట్టుకున్న ఆ పద్ధతి చివరికి కార్యక్రమానికి ముఖచిత్రమైంది. పేర్లు పడుతుండగా పైనుంచి దిగి అన్నిటినీ తొక్కేసే మహాపాదం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, పదహారో శతాబ్దపు ఇటాలియన్ చిత్రకారుడు బ్రొంజీనో వేసిన వీనస్ చిత్రంలోని మన్మథుడి కాలు. వెనక వినిపించే బాణీ అమెరికన్ స్వరకర్త జాన్ ఫిలిప్ సూసా 1893లో కట్టిన సైనిక కవాతు సంగీతం.

ఈ అరగంటలో టెలివిజనే ఒక పాత్ర. ముగింపు పేర్లు మధ్యలో పడతాయి, బీబీసీ భూగోళం గుర్తు అసందర్భంగా ప్రత్యక్షమై ప్రేక్షకుణ్ని కార్యక్రమం అయిపోయిందని నమ్మిస్తుంది, సూటు వేసుకున్న వార్తా ప్రకటనకర్త బల్లతో సహా పొలంలోనో సముద్రపు ఒడ్డునో కూర్చుని ఉంటాడు, చాప్‌మన్ వేసిన సైనికాధికారి నడుస్తున్న ఘట్టంలోకి వచ్చి ఇది మరీ వెర్రిగా ఉంది ఆపండంటూ ఆపేస్తాడు. అవధానంలో అప్రస్తుత ప్రసంగి అవధాని ధారను ఎంత భగ్నం చేస్తే ధార అంత గట్టిదని తేలినట్టు, ఈ అంతరాయాలన్నీ కలిసి కార్యక్రమం నడకను చెదరగొట్టకపోగా దానికి కొత్త లయ ఇచ్చాయి. ప్రేక్షకుడు ఇంట్లో కూర్చుని చూస్తున్నది నిజం కాదు, కొందరు మనుషులు కొన్ని అలవాట్లతో తయారుచేసిన వస్తువు అన్న ఎరుక, ఏ ఉపన్యాసమూ లేకుండా, నవ్వుతో పాటే లోపలికి వెళ్లింది. వార్తలను, చర్చలను, డాక్యుమెంటరీలను అనుకరిస్తూ తర్వాత వచ్చిన వెక్కిరింపు కార్యక్రమాల్లో చాలా వాటికి ఈ ఎరుకే పెట్టుబడి.

వితండవాదానికి గంటకు ఎంత?

రాసే పద్ధతిలోనే ఒక క్రమం ఉంది. క్లీజ్, చాప్‌మన్ జంటగా కూర్చుని మాటల తగాదాలు రాసేవారు. పేలిన్, జోన్స్ జంట బొమ్మగా కనిపించే ఊహలను, వాతావరణాన్ని పట్టేది. ఐడిల్ ఒంటరిగా పదాలతో ఆడుకునేవాడు. తర్వాత అందరూ కలిసి పైకి చదువుకునేవారు, ఆ గదిలో నవ్వు పుట్టనిది పక్కకు పోయేది. అందువల్ల తెరపై ఎంత విశృంఖలంగా కనిపించినా, అక్కడిదాకా వచ్చిన ప్రతి వాక్యమూ ఐదుగురు కఠిన పరీక్షకుల ముందు నిలబడి వచ్చినదే.

వీటిలో అన్నిటికన్న ప్రసిద్ధమైన ‘చచ్చిన చిలక’ ఘట్టం 1969 డిసెంబరు 7న ప్రసారమైంది. కొన్న చిలక చచ్చి ఉందని ఒక ఖాతాదారు దాన్ని కొట్టుకు వాపసు తెస్తాడు. కొట్టువాడు అది చావలేదంటాడు. అంతే కథ. ఈ ఊహకు మూలం, ఒక కారు మరమ్మతు షాపువాడు కారులో ఏం పాడైందని చెప్పినా ఏదో ఒక సాకు చెప్పే తీరును పేలిన్ స్నేహితులకు వర్ణించడం. 1968లో మరో కార్యక్రమంలో అది కారు ఘట్టంగానే వచ్చింది. ఏడాది తర్వాత కారు స్థానంలో చిలకను పెట్టడంతో మొత్తం మారిపోయింది, ఎందుకంటే కారు పాడైందా లేదా అన్నది వాదించదగిన విషయం, చావు వాదనకు తావులేని విషయం. క్లీజ్ పాత్ర నిఘంటువు తెరిచినట్టు చావుకు ఉన్న పర్యాయపదాలన్నిటినీ ఏకరువు పెట్టే చోట, నవ్వు పుట్టేది పదాల వింత వల్ల మాత్రమే కాదు. అంత స్పష్టమైన సత్యాన్ని నిరూపించడానికి ఒక పెద్దమనిషి అంత పాండిత్యం ఖర్చు చేయవలసి రావడం వల్ల. వినియోగదారుల ఫోరం మెట్లెక్కినవారెవరికైనా ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

1972 నవంబరులో వచ్చిన ‘వాదనల క్లినిక్’ ఇంకా సూక్ష్మమైనది. డబ్బు కట్టి కొంతసేపు వాదన కొనుక్కోవడానికి ఒక మనిషి ఒక కార్యాలయానికి వస్తాడు. లోపల ఉన్న వృత్తి వాది అతడు ఏది చెప్పినా కాదనడం తప్ప ఇంకేమీ చేయడు. అది వాదన కాదు, ఊరికే ఖండించడమని వచ్చినవాడు నిర్వచనంతో సహా వాపోతే, దాన్ని కూడా కాదంటాడు. భారతీయ న్యాయదర్శనం తత్వనిర్ణయం కోసం సాగే చర్చను వాదమని, గెలుపు కోసం సాగేదాన్ని జల్పమని, తన పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటి పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నదాన్ని వితండమని విడదీసింది. వాదాన్ని కొనబోయి వితండాన్ని కొనుక్కున్న మనిషి కథ ఇది. తర్కం బోధించే పాశ్చాత్య అధ్యాపకులు దీన్ని తరగతి గదుల్లో వాడుకోవడంలో ఆశ్చర్యం లేదు, రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చలు చూసే తెలుగువారు దీన్ని వెంటనే గుర్తుపట్టడంలోనూ ఆశ్చర్యం ఉండదు.

ప్రభుత్వ యంత్రాంగం మీద వీరు రాసినవాటిలో మేలైనది 1970 సెప్టెంబరు 15న ప్రసారమైన ‘వెర్రి నడకల మంత్రిత్వశాఖ’. నల్ల కోటు, టోపీ, చేతి సంచితో ఆరడుగుల పైచిలుకు క్లీజ్ మోకాళ్లను ఛాతీ దాకా ఎత్తుతూ, కాళ్లను గాలిలో మెలితిప్పుతూ కార్యాలయానికి వస్తాడు; తన నడకను అభివృద్ధి చేసుకోవడానికి గ్రాంటు కోరుతూ వచ్చిన దరఖాస్తుదారుడి నడకలో వెర్రితనం చాలదని, పైగా శాఖకు నిధుల కోత ఉందని ఎంతో మర్యాదగా వివరిస్తాడు. శరీరం ఎంత పిచ్చిగా కదులుతుందో, భాష అంత నిక్కచ్చి సర్కారీ భాష. ఈ రెంటి మధ్య ఎడమే హాస్యం. శాస్త్రవేత్తలు సైతం దీన్ని వదల్లేదు: 2020లో ప్రచురితమైన ఒక నడక విశ్లేషణ, క్లీజ్ పాత్ర నడక మామూలు నడక కన్న 6.7 రెట్లు అస్థిరమని లెక్కకట్టింది. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ క్రిస్మస్ సంచిక కోసం 13 మందిని అదే నడక నడిపించి చూసినవారు, అందులో మామూలు కన్న సుమారు రెండున్నర రెట్ల శక్తి ఖర్చవుతోందని, రోజూ కాసేపు అలా నడిస్తే వ్యాయామం చేసినట్టేనని తేల్చారు.

కత్తెర పడ్డ ఇరవై నాలుగు నిమిషాలు

హాస్య చరిత్రకారులు తరచు ఒకటి రెండు వాక్యాల్లో దాటేసే ఒక న్యాయవివాదం ఈ కార్యక్రమం దీర్ఘాయువుకు అసలు కారణాల్లో ఒకటి. అమెరికాలో ఇది 1974లో డాలస్‌లోని ఒక ప్రజా ప్రసార కేంద్రం ద్వారా మొదలై, ప్రకటనలు లేని చిన్న కేంద్రాల్లో మెల్లగా అభిమానులను కూడగట్టుకుంది. దాన్ని గమనించిన ఏబీసీ అనే పెద్ద వాణిజ్య సంస్థ 1975లో మూడేసి భాగాలను కలిపి తొంబై నిమిషాల ప్రత్యేక కార్యక్రమంగా వేసింది. వాటిలో 24 నిమిషాలను, కొంత ప్రకటనల కోసం, కొంత అభ్యంతరకరమన్న పేరుతో కత్తిరించింది. కొసమెరుపుల మీద ఆధారపడే కార్యక్రమమైతే కోత తర్వాత కూడా కొన్ని నవ్వులు మిగిలేవేమో గాని, ఒకదాన్నుంచి ఒకటి పారుతూ పోయే ఈ రచనలో కోతంటే మిగిలినదంతా అర్థంలేని తునకలు కావడమే. ఆరుగురూ న్యూయార్క్‌లో దావా వేశారు. ‘గిలియమ్ వర్సెస్ అమెరికన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీస్’ పేరుతో న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుకునే ఆ వ్యాజ్యంలో 1976లో అప్పీలు కోర్టు రచయితల పక్షాన నిలిచింది: కత్తిరించి వికృతం చేసిన రచనను మూలకర్తల పేరుతోనే చూపడం వారి పేరుకు నష్టమని, తాము రాయనిదాన్ని తమకు అంటగట్టడమేనని చెప్పింది. రచయితకు తన సృష్టి రూపంపై ఉండే నైతిక హక్కు అనే భావనకు అమెరికా చట్టంలో చోటు తక్కువగా ఉన్న రోజుల్లో వచ్చిన తీర్పది. ఆ తర్వాత కుదిరిన ఏర్పాట్లతో కార్యక్రమం హక్కులు బృందం చేతికే చేరాయి. తోటి కార్యక్రమాల టేపులు చెరిగిపోతుంటే వీరివి క్యాసెట్లుగా, డిస్కులుగా తరం నుంచి తరానికి చేరడానికి ఆ హక్కే పునాది. రచనను అమ్ముకుని చేతులు దులుపుకునే అలవాటున్న మన సినిమా, టీవీ రచయితలు నవ్వుల కోసం కాకపోయినా ఈ ఒక్క తీర్పు కోసమైనా ఈ చరిత్ర తెలుసుకోవాలి.

సినిమాల సంగతి క్లుప్తంగా చాలు. ‘హోలీ గ్రెయిల్’ (1975)కు పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్ వంటి సంగీత బృందాల వైపు నుంచి పెట్టుబడి వచ్చింది. క్రీస్తు పొరుగింట పుట్టి, జనం ప్రవక్తగా పొరబడిన సామాన్యుడి కథ ‘లైఫ్ ఆఫ్ బ్రయన్’ (1979)కు చిత్రీకరణ ముంగిట నిర్మాణ సంస్థ తప్పుకుంటే, బీటిల్స్ బృందానికి చెందిన జార్జ్ హారిసన్ తన ఆస్తి తాకట్టు పెట్టి డబ్బు సమకూర్చాడు. ఐర్లండ్‌లోను, నార్వేలోను అది నిషేధానికి గురికాగా, పొరుగున ఉన్న స్వీడన్‌లో నార్వే నిషేధాన్నే ప్రకటనగా వాడుకున్నారు. ఆ చిత్రం చివర శిలువలపై పాడే ఐడిల్ పాటను 1982లో ఫాక్లండ్స్ యుద్ధంలో క్షిపణి దెబ్బ తిన్న షెఫీల్డ్ నౌక నావికులు సహాయం కోసం ఎదురుచూస్తూ పాడుకున్నారు. నేడు అది బ్రిటన్ అంత్యక్రియల్లో ఎక్కువగా వినిపించే పాటల్లో ఒకటి.

వారసుల జాబితా పొడవైనది, కాని అంత ఆసక్తికరమైనది కాదు. 1975లో అమెరికాలో ‘సాటర్‌డే నైట్ లైవ్’ మొదలుపెట్టిన లార్న్ మైకేల్స్, ‘సింప్సన్స్’ సృష్టికర్త మాట్ గ్రేనింగ్, పైథాన్ చివరి విడతకు కొంత రాసి తర్వాత అంతరిక్ష హాస్య నవలలతో పేరు తెచ్చుకున్న డగ్లస్ ఆడమ్స్, బ్రిటన్‌లో విక్ రీవ్స్ నుంచి ‘ద మైటీ బూష్’ దాకా అందరూ ఈ రుణాన్ని ఏదో ఒక రూపంలో మోస్తున్నవారే. ఎక్కువమంది అనుకర్తలు తీసుకున్నది మాత్రం తేలికగా తీసుకోగలిగినదే: చేప, చిలక, ఆడవేషం, హఠాత్తుగా వచ్చే అంతరాయం. వెర్రి నడకను అనుకరించారు, నిధుల కోత గురించిన ఆ మర్యాదైన సంభాషణను అనుకరించలేకపోయారు. మిస్టర్ బీన్‌గా తెలుగు ఇళ్లలో పరిచితుడైన రోవన్ ఆట్కిన్సన్ ఈ అనుకరణకు దూరంగా, మాటను దాదాపు వదిలేసి మరో దారి వెతుక్కోవడమే తెలివైన పని.

మూలం మరిచిన మాటలు

అసలైన కొనసాగింపు హాస్యం బయట జరిగింది. 1970 డిసెంబరులో వచ్చిన ఒక ఘట్టంలో చిన్న హోటల్లోని ప్రతి వంటకంలోనూ ‘స్పామ్’ ఉంటుంది. అది అమెరికాలో 1937లో పుట్టి, యుద్ధకాలపు రేషన్ రోజుల్లో బ్రిటన్ మొహం మొత్తేలా తిన్న డబ్బా మాంసం. వద్దన్నా వడ్డిస్తారు, పక్క బల్ల దగ్గర కూర్చున్న వైకింగులు ఆ మాటనే పాటగా అందుకుని మిగతా సంభాషణను ముంచేస్తారు. తొలినాళ్ల కంప్యూటర్ సంభాషణా వేదికల్లో ఒకే మాటను పదేపదే కొట్టి ఇతరుల మాటలు కనబడకుండా చేసే ఆకతాయిల పనికి ఈ ఘట్టం నుంచే పేరు పెట్టారు. 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు వేలాది చర్చా బృందాల్లో ఒకే ప్రకటన గుప్పించినప్పుడు ఆ పేరు లోకమంతా పాకింది. ఆ ప్రకటన అమెరికా గ్రీన్‌కార్డు లాటరీ గురించి కావడం తెలుగు పాఠకులు గమనించదగ్గది.

తెలుగు నేలకు ఇంకా దగ్గరి బంధం మరొకటి ఉంది. 1989 డిసెంబరులో నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ సెలవుల్లో కాలక్షేపంగా ఒక కంప్యూటర్ భాష రాయడం మొదలుపెట్టి, ఆ రోజుల్లో ఈ కార్యక్రమం రాతప్రతులు చదువుతున్నందున దానికి ‘పైథాన్’ అని పేరు పెట్టాడు. గుర్తుగా ఉన్న రెండు పాములు తర్వాత వచ్చినవి. పేరుకు, పాముకు సంబంధం లేదు. ఆ భాష అధికారిక పాఠాల్లో ఉదాహరణలకు ‘స్పామ్’, ‘ఎగ్స్’ అన్న పేర్లే వాడతారు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లోను, ఇంజినీరింగ్ కళాశాలల్లోను ఆ ఉదాహరణలను టైపు చేసే విద్యార్థులు, 1970 నాటి ఒక బ్రిటిష్ హోటల్లో జరిగిన గొడవను తెలియకుండానే మళ్లీ రాస్తున్నారు.

రాజకీయాల్లో మాత్రం ఈ సరుకు ఎరువు తెచ్చుకున్నవారికి అచ్చిరాలేదు. 1990 అక్టోబరులో మార్గరెట్ థాచర్ తన పార్టీ మహాసభలో, ప్రత్యర్థి లిబరల్ డెమోక్రాట్ల కొత్త పక్షి గుర్తును చచ్చిన చిలకతో పోల్చి చప్పట్లు కొట్టించుకుంది. ఆ ఘట్టం ఏమిటో సహాయకులు ఆమెకు ముందుగా వివరించవలసి వచ్చింది. ఆ నెల 18న ఈస్ట్‌బర్న్ ఉప ఎన్నికలో ఆమె పార్టీ స్థానాన్ని ఆ చచ్చిన చిలకే గెలుచుకుంది. మరుసటి నెలలో ఆమె ప్రధాని పదవి కోల్పోయింది.

కాలం చెల్లినవి కూడా ఇందులో తక్కువేమీ కావు. ఆరుగురు మగవాళ్లే ముసలమ్మల వేషాలన్నీ వేసుకోగా, బృందంతో నాలుగు విడతలూ పనిచేసిన క్యారల్ క్లీవ్‌లండ్‌కు దక్కినవి ఎక్కువగా అందం చూపించే చిన్న వేషాలే. జాతుల విషయంలో ఆ తరం మొత్తానికీ చూపు మసక: మిలిగన్ 1969లోనే ‘కర్రీ అండ్ చిప్స్’ అనే కార్యక్రమంలో ముఖానికి రంగు పూసుకుని పాకిస్తానీ మూలాలున్న మనిషిగా నటించాడు, విమర్శల మధ్య అది ఆరు భాగాలతో ఆగిపోయింది. ఇండియాలో పుట్టి పెరిగిన రచయితే ఆ పని చేయడం విచారకరం. దానికి సరైన జవాబు 1998లో బీబీసీ తెరకెక్కిన ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’; అందులో మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్, నీనా వాడియా, కుల్విందర్ ఘీర్ బాంబేలో ఇంగ్లిష్ భోజనశాలకు వెళ్లిన భారతీయులుగా, బ్రిటన్‌లో తాగి ఇండియన్ రెస్టారెంట్లకు వచ్చేవారి ప్రవర్తననంతా తిరగేసి చూపారు. ఊహను ఒకసారి తలకిందులు చేశాక దాన్ని చివరిదాకా నిజాయితీగా నడిపించడమనే పైథాన్ పాఠాన్ని బాగా నేర్చుకున్న శిష్యులెవరంటే, ముందు ఈ నలుగురినే చెప్పాలి.

చాప్‌మన్ 1989 అక్టోబరు 4న, కార్యక్రమం ఇరవయ్యో వార్షికోత్సవానికి ఒక్క రోజు ముందు కన్నుమూశాడు. మిగిలిన ఐదుగురు 2014 జులైలో లండన్ ఓ2 వేదికపై పది ప్రదర్శనలతో వీడ్కోలు పలికారు. జోన్స్ 2020 జనవరిలో మరణించాడు. ఇప్పుడు కొత్తగా చూడదలచినవారు మొదటి భాగం నుంచి వరసగా వెళ్లనక్కర్లేదు. 1970 సెప్టెంబరులో వచ్చిన రెండో విడత తొలి రెండు భాగాలతో, అంటే వెర్రి నడకలతోను, స్పానిష్ మతన్యాయ విచారణతోను మొదలుపెట్టి, ఆ తర్వాత ‘వాదనల క్లినిక్’ ఉన్న మూడో విడత మూడో భాగం చూడడం మేలు. హాస్యంలో సగం బ్రిటిష్ ప్రాంతీయ యాసల్లో ఉంటుంది కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోవడంలో నామోషీ లేదు. క్లీజ్ లేని నాలుగో విడత ఆరు భాగాలను వదిలేసినా నష్టం లేదు.